ఎస్‌జీఐ ఇండీ: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

సిలికాన్ గ్రాఫిక్స్ (ఎస్‌జీఐ) 1993లో తెచ్చిన ఇండీ కంప్యూటర్ అప్పట్లో ఆ కంపెనీ యంత్రాల్లోకెల్లా చవక. ప్రారంభ ధర 4,995 డాలర్లు. పాత యూనిక్స్ వర్క్‌స్టేషన్లు (నిపుణుల పనికి చేసిన శక్తిమంతమైన కంప్యూటర్లు) సేకరించేవాళ్లు తరచూ దీంతోనే మొదలుపెడతారు, అందుకు కారణం లేకపోలేదు. కీబోర్డు, మౌస్ మామూలు పీఎస్/2వే సరిపోతాయి, డబ్బా బల్లమీద పట్టేంతే ఉంటుంది. అయితే ఇండీ అన్న పేరొక్కటే చూసి కొనకూడదు. అదే నీలం డబ్బాలో ఈడ్చుకుంటూ నడిచేదీ దొరుకుతుంది, ఎస్‌జీఐ సొంత ఆపరేటింగ్ సిస్టం ఐరిక్స్ 6.5ను హాయిగా నడిపేదీ దొరుకుతుంది.

ముందు చూడాల్సింది ప్రాసెసర్ మాడ్యూల్. ఆర్4000తో మొదలై ఆర్4400, ఆర్4600, చివరికి ఆర్5000 వరకు వచ్చాయి. పేరు చివర 'పీసీ' అని ఉంటే రెండో స్థాయి క్యాష్ (ప్రాసెసర్ పక్కనుండే వేగమైన చిన్న మెమరీ) లేదని అర్థం, 'ఎస్‌సీ' అని ఉంటే ఉందని. ఆర్4600పీసీ కళ్లబడితే ఉచితంగా ఇచ్చినా ఆలోచించుకోవాలి. ఆర్4600ఎస్‌సీ 133 మెగాహెర్ట్జ్‌ది మామూలు పనులకు బాగుంటుంది గానీ దశాంశ లెక్కల్లో నీరసపడుతుంది. వెతికి తెచ్చుకోదగ్గది ఆర్5000ఎస్‌సీ, అందులోనూ 180 మెగాహెర్ట్జ్‌ది. పాత ఇండీకి దీన్ని తగిలించాలనుకుంటే ముందు ప్రామ్ (యంత్రాన్ని లేపే చిప్పులోని ప్రోగ్రాం) వెర్షన్ చూసుకోండి. ఆర్5000ను గుర్తించలేని పాత ప్రామ్ ఉంటే యంత్రం లేవదు.

అమ్మేవారి మాట నమ్మడం కంటే హిన్వ్ (యంత్రంలో ఏమేమి ఉన్నాయో చూపే ఆదేశం) ఫొటో అడగడం మేలు. యంత్రం లేచేటప్పుడు ఎస్కేప్ నొక్కితే మెనూ వస్తుంది, అందులో 5వ అంశం కమాండ్ మానిటర్. అక్కడ హిన్వ్ అని కొడితే ప్రాసెసర్, మెమరీ, గ్రాఫిక్స్ బోర్డు అన్నీ బయటపడతాయి. సెకండరీ క్యాష్ వరుస కనబడకపోతే అది పీసీ రకమే. అక్కడే సెట్టింగులు చూపే ప్రింటెన్వ్ కూడా కొట్టించి ఈథర్‌నెట్ చిరునామా రాసిపెట్టుకోండి, దాని అవసరం తర్వాత పడుతుంది.

గ్రాఫిక్స్ విషయంలో చాలామంది ఎక్స్‌జెడ్ బోర్డు చూసి మోజుపడతారు. త్రీడీ బొమ్మల లెక్కలు చేసే జడ్-బఫర్, జామెట్రీ ఇంజన్లు హార్డ్‌వేర్‌లోనే ఉన్నాయి కదా అని. నెమ్మది ప్రాసెసర్ పక్కన దానికి విలువ ఉన్నమాట నిజమే. ఆర్5000 దగ్గరికొచ్చేసరికి ఆ లెక్కలు ప్రాసెసరే వేగంగా చేసేస్తుంది. రోజూ కళ్లముందు కదిలే కిటికీలు, మెనూలు గీయడంలో ఎక్స్‌జెడ్ కంటే మామూలు ఎక్స్‌ఎల్ బోర్డే చురుకు. కనుక 24 బిట్ల ఎక్స్‌ఎల్ తీసుకుని డబ్బు మిగుల్చుకోవచ్చు. 8 బిట్లది తెర మీద రంగులు మార్చేసుకుంటూ విసిగిస్తుంది.

మెమరీకి 8 స్లాట్లు, నాలుగేసి చొప్పున రెండు బ్యాంకులు. ఒక బ్యాంకులో నాలుగూ ఒకే సైజువి ఉండాలి. కావలసింది 72 పిన్నుల, 36 బిట్ల, పారిటీ (తప్పులు పట్టే అదనపు బిట్లు) ఉన్న ఫాస్ట్ పేజ్ మోడ్ సిమ్ములు (మెమరీ ముక్కలు), 70 నానోసెకన్లు లేదా అంతకంటే వేగవంతమైనవి. మామూలు కంప్యూటర్లలోని పారిటీ లేని సిమ్ములు పెడితే పనిచేయవు, ఈడీఓ రకం జోలికి వెళ్లొద్దు. 32 మెగాబైట్లవి ఎనిమిది పెడితే గరిష్ఠం 256. మొదట్లో 16 మెగాబైట్లతో, ఐరిక్స్ 5.1తో అమ్మినప్పుడు డిస్కు గీరుకుంటూ కూర్చునేదని ఈ యంత్రానికి చెడ్డపేరు వచ్చింది. 6.5కు 64 కనీసం, 128 ఉంటే సుఖం.

పవర్ సప్లైలు రెండు తయారీలవి వస్తాయి, నిడెక్, సోనీ. సేకరించేవాళ్లు సోనీదే కోరుకుంటారు. ఏదైనా సరే ముప్పయ్యేళ్ల వయసు కెపాసిటర్లే. ఉబ్బాయా, కింద తడి మరక ఉందా, ఫ్యాను స్వేచ్ఛగా తిరుగుతోందా చూడకుండా కరెంటు ఇవ్వొద్దు. పై ప్లాస్టిక్ తొడుగు పెళుసెక్కి ఉంటుంది, బలవంతంగా లాగితే కొక్కేలు విరుగుతాయి.

దాదాపు ప్రతి ఇండీకీ వచ్చే జబ్బు డాలస్ డీఎస్1386 చిప్పు. గడియారం, సెట్టింగులు, ఈథర్‌నెట్ చిరునామా మూడూ అందులోనే. బ్యాటరీ చిప్పు లోపలే పోతపోసి ఉంటుంది, అది చచ్చిపోతే చిరునామా కూడా పోతుంది, నెట్‌వర్క్ పనిచేయదు. కొత్త చిప్పు పెట్టాక కమాండ్ మానిటర్‌లో సెటెన్వ్ ఆదేశానికి మైనస్ ఎఫ్ జోడించి, ఈయాడర్ (ఈథర్‌నెట్ చిరునామా) విలువగా రాసిపెట్టుకున్న చిరునామానే ఇవ్వాలి. 08:00:69తో మొదలయ్యే ఏదో ఒక అంకె ఇచ్చినా నెట్‌వర్క్ నడుస్తుంది గానీ, కంపైలర్ లాంటి వాటి లైసెన్సులు పాత చిరునామాకే ముడిపడి ఉంటాయి.

తెర రాకపోతే బోర్డు పోయిందని కంగారుపడకండి. వీడియో కనెక్టర్ 13డబ్ల్యూ3. సన్ యంత్రాలకూ ఇదే ఆకారం, కానీ సింక్ (బొమ్మను తెర మీద నిలబెట్టే సంకేతం) పిన్నులు వేరు. సన్ కోసం చేసిన అడాప్టర్ తగిలిస్తే బొమ్మ నిలవకపోవచ్చు. ఎస్‌జీఐ కోసం చేసినదే కొని, పచ్చ సంకేతంలోనే సింక్ తీసుకోగల మానిటర్ చూసుకోండి. 76 హెర్ట్జ్ పట్టని ఎల్‌సీడీ అయితే సెట్‌మాన్ ఆదేశంతో 60కి దించవచ్చు. ఏదీ కుదరనప్పుడు కీబోర్డు పీకేసి యంత్రం వేస్తే కన్సోల్ మొదటి సీరియల్ పోర్టుకు మారుతుంది. అది గుండ్రటి 8 పిన్నులది, 9600 బాడ్.

డిస్కు స్థానంలో, మెమరీ కార్డును స్కసీ డిస్కులా చూపే బ్లూస్కసీ లేదా జూలూస్కసీ బోర్డు పెట్టడం ఇప్పుడు మామూలే, చప్పుడూ వేడీ తగ్గుతాయి. ఇక్కడ మామూలు కంప్యూటర్ల అలవాటు ఉన్నవాళ్లు ఇరుక్కుంటారు: ఎస్‌జీఐలో స్కసీ ఐడీ (ప్రతి పరికరానికిచ్చే నంబరు) 0 కంట్రోలర్‌దే. డిస్కును 1కి, సీడీని 4కి పెట్టండి. కేబుల్ చివర టర్మినేషన్ (సంకేతం వెనక్కి తిరగకుండా ఆపేది) ఉండాలి. సీడీ డ్రైవ్ అసలుదైనా, కార్డు మీద ఇమేజైనా, 512 బైట్ల బ్లాకులతో జవాబివ్వగలగాలి. 2048 మాత్రమే తెలిసిన డ్రైవ్‌తో ఇన్‌స్టాల్ మొదలే కాదు.

ఇండీకి పనికొచ్చే చివరి ఐరిక్స్ 6.5.22. ముందు ఎఫ్‌ఎక్స్ ప్రోగ్రాంతో డిస్కును రూట్‌డ్రైవ్‌గా విభజించి, ఫైల్ సిస్టం ఎక్స్‌ఎఫ్‌ఎస్ పెట్టుకోండి. తర్వాత ఇన్‌స్ట్ అనే ఇన్‌స్టాలర్‌లో ఓవర్లే (అసలు ప్యాకేజీల మీద పడే కొత్త మార్పుల) సీడీలు, ఫౌండేషన్ సీడీలు అన్నీ వరుసగా చదివించాకే ఎంపికకు దిగాలి. ఒక సీడీ మరిచిపోతే కాన్‌ఫ్లిక్టులు పేజీల కొద్దీ వస్తాయి. వాటిలో చాలావరకు ఓవర్లే ఉండి, దాని అసలు ప్యాకేజీ చదవకపోవడం వల్ల వచ్చేవే. కీప్ ఇన్‌కంప్లీట్ఓవర్లేస్ అని కొడితే ఆ గుంపు తొలగిపోతుంది, మిగిలిన నాలుగైదింటికి ఒక్కొక్కటిగా జవాబివ్వాలి.

ఇండీ కెమెరా ఇండీక్యామ్ దొరికితే సరదాకు ఉంచుకోవచ్చు, 640×480 బొమ్మ మీద ఎక్కువ ఆశలు వద్దు. ఆడియో మాత్రం ఆ కాలానికి నిజంగా మేలైనది, 16 బిట్లు, డిజిటల్ పోర్టుతో సహా. నింటెండో 64 ఆటలు రాయడానికి వాడిన డెవలప్‌మెంట్ బోర్డు కూడా ఇండీలో అదనపు కార్డులు పెట్టే జీఐఓ స్లాట్‌లోనే కూర్చునేది. అలాంటి బోర్డుతో వచ్చిన యంత్రం ఎదురైతే లోపల ప్రాసెసర్ ఏదన్న పట్టింపు పక్కన పెట్టేయవచ్చు. యూనిక్స్ తరహా ఉచిత సిస్టం నెట్‌బీఎస్‌డీ కూడా దీనిమీద నడుస్తుంది, అయితే ఐరిక్స్ డెస్క్‌టాప్ వద్దనుకునేవాళ్లు ఇండీ దాకా రావడమెందుకో అర్థం కాదు.