ఊళ్లో ఇల్లు వదిలి ఫ్లాటుకి: తాళం వేసి ఉంచడమా, అంతా తరలించడమా, అక్కడే తేల్చుకోవడమా?

గోదావరి జిల్లాల్లోనో కృష్ణా, గుంటూరు వైపో నలభై యాభై ఏళ్లు కాపురమున్న ఇల్లు. నాలుగు గదులు, వసారా, వంటిల్లు, అటక, పెరట్లో సామాన్ల కొట్టు. వెళ్లేది హైదరాబాద్‌లో పిల్లల దగ్గరికి, రెండు పడకగదుల ఫ్లాటుకి. కాగితం మీద 1,100 చదరపు అడుగులని ఉన్నా, గోడలూ మెట్లూ లిఫ్టూ తీసేస్తే లోపల మిగిలేది 800 అటూ ఇటూ.

ఇలాంటప్పుడు ఇంట్లో మూడు మాటలు నడుస్తాయి. సామానంతా ఒక గదిలో పెట్టి తాళం వేద్దామని ఒకరు. అన్నీ లారీ ఎక్కిస్తే అక్కడ నెమ్మదిగా సర్దుకోవచ్చని ఒకరు. ఇచ్చేవి ఇచ్చేసి, అమ్మేవి అమ్మేసి, పట్టేవి మాత్రమే తీసుకెళ్దామని మూడో మాట. మూడోదానికి మూడు నెలల పని ఉంటుంది కాబట్టి అందరూ మొదటి రెండింటి వైపే మొగ్గుతారు. అయినా ఎక్కువ ఇళ్లకి మూడోదే మేలు. మొదటి రెండూ ఎప్పుడు నప్పుతాయో, ఎందుకు చెడతాయో ముందు చూద్దాం.

తాళం వేసిన గది

డబ్బు ఖర్చు లేదు, గొడవ లేదు, పెద్దవాళ్ల మనసు నొచ్చుకోదు. అందుకే ఎక్కువమంది ఇదే చేస్తారు. నష్టం మొదటి వానాకాలంలోనే మొదలవుతుంది. మనుషులు తిరిగే ఇంట్లో పెంకు జరిగితే ఆ రోజే తెలుస్తుంది, మూసిన ఇంట్లో దసరాకి వెళ్లినప్పుడు తెలుస్తుంది. చెదలు గోడ వెంట మట్టి గీత పెట్టుకుంటూ వచ్చి గోడకి ఆనించిన బీరువా వెనక నుంచో, నేల మీద పెట్టిన పుస్తకాల అట్టపెట్టె అడుగు నుంచో పని మొదలుపెడతాయి. పైనుంచి పెట్టె బాగానే కనిపిస్తుంది, ఎత్తబోతే అడుగు ఊడి చేతికొస్తుంది. బూరుగు దూది పరుపులు ఎలుకలకి పురుటిగదులు. గాలి ఆడని స్టీలు బీరువాలో కాగితాలు చెమ్మ పట్టి ఒకదానికొకటి అంటుకుపోతాయి. ప్లాస్టిక్ కవర్లలో పెట్టిన పట్టుచీరల జరీ నల్లబడుతుంది, కలరా ఉండలు నేరుగా తగిలిన చోట ఇంకా త్వరగా.

అసలు చేటు ఇంకోటుంది. రెండేళ్లు గడిచాక ఏ పెట్టెలో ఏముందో ఎవరికీ గుర్తుండదు. ఇల్లు బేరం కుదిరి, కొన్నవాళ్లు నెలలో ఖాళీ చెయ్యమన్నప్పుడు, తేల్చడానికి టైము లేక పాత సామాన్ల వ్యాపారికి మొత్తం గుత్తగా అప్పజెబుతారు. కంచు పళ్లేలూ, టేకు భోషాణమూ, తాతగారి దస్తావేజులూ ఆ గుత్తలోనే పోతాయి.

ఈ పద్ధతి నప్పేది ఒకే సందర్భంలో. పిల్లల దగ్గర ఉండగలమో లేదో చూద్దామని పదకొండు నెలల అద్దె అగ్రిమెంటు మీద వెళ్తున్నప్పుడు. అప్పుడైనా గడువు తేదీ రాసి పెట్టుకోవాలి. పెంకు కింద కాక స్లాబు కింద ఉన్న గదిని, అందులోనూ స్నానాలగది గోడ పంచుకోనిదాన్ని ఎంచుకోండి. చెదల మందు కొట్టించి, ప్రతి వస్తువునీ ఇటుకల మీద ఆరంగుళాలు ఎత్తి, గోడకి జానెడు ఎడం ఉంచి పెట్టాలి. లోహం, రాయి, పుచ్చులేని చెక్క మాత్రమే అందులో ఉండొచ్చు. బట్టలు, కాగితాలు, పరుపులు పెట్టకూడదు. ఫ్రిజ్ తలుపు ఓరగా తెరిచి ఉంచాలి, లేకపోతే బూజు వాసన మళ్లీ పోదు. ఇన్వర్టర్ బ్యాటరీని ఆరు నెలలు ఛార్జింగు లేకుండా వదిలేస్తే పాడవుతుంది. దాన్ని ముందే అమ్మేయాలి. నెలకోసారి వచ్చి కిటికీలు తెరిచే మనిషి లేకపోతే ఈ ఆలోచనే వద్దు.

అంతా లారీలో

రెండు పడకగదుల ఇంటి సామానుకి 14 అడుగుల లారీ సరిపోతుంది. పాత ఇల్లు మొత్తం ఎత్తితే 17, 19 అడుగులది కావాలి. కిరాయి తేడా ఒక్కటే కాదు. హైదరాబాద్‌లో పెద్ద లారీలకి పగటిపూట ఆంక్షలుంటాయి కాబట్టి ఊరి బయట ఆపి చిన్న బండ్లలోకి మార్చాల్సి వస్తుంది. దించి ఎక్కించే ప్రతిసారీ ఒక జాడీ, ఒక అద్దం, ఒక కుర్చీ కాలు పోతాయి. ఖర్చు తగ్గుతుందని పార్ట్ లోడ్‌కి ఒప్పుకుంటే, మీ సామాను వేరేవాళ్ల సామానుతో కలిపి గోడౌన్‌లో దించి మళ్లీ ఎక్కిస్తారు. పగిలే వస్తువులుంటే పార్ట్ లోడ్ వద్దు.

తరవాత కొలతల సంగతి. స్టీలు బీరువా ఎత్తు ఆరున్నర అడుగులు, వెడల్పు మూడు. చాలా లిఫ్టుల తలుపు రెండున్నర అడుగులే. పక్కకి తిప్పితే దూరుతుంది గానీ లోపల ఎత్తు చాలకపోతే మెట్ల మీద మొయ్యాలి, మెట్ల మలుపు చాలకపోతే మళ్లీ కిందికి. వెళ్లేముందే లిఫ్టు తలుపు, లోపలి ఎత్తు, మెట్ల మలుపు, పడకగది తలుపు, ఈ నాలుగూ టేపుతో కొలిపించి తెప్పించుకోండి. పందిరి మంచం విప్పి బిగించొచ్చు, కానీ పది పదకొండు అడుగుల గదిలో అది వేశాక బీరువా తలుపు తెరుచుకోదు, పైన ఫ్యాను గాలిని పందిరే ఆపేస్తుంది. ఉయ్యాల బల్ల ఊళ్లో దూలానికి వేలాడింది. ఫ్లాటులో స్లాబుకి కొక్కెం దిగేస్తే ప్రమాదం, కాంక్రీటు బీమ్ దొరికితేనే బిగించాలి. అది దొరక్కపోతే ఆ బల్లకి కాళ్లు వేయించి దివాను చేసుకోవడం మంచి దారి, ముచ్చటగానూ ఉంటుంది.

అక్కడికెళ్లి తేల్చుకుందామనుకుంటే తేల్చడానికి నేల ఉండదు. ఏరాలంటే పరవాలి, పరవడానికి వసారా కావాలి. విప్పని అట్టపెట్టెలు బాల్కనీలోకి, రెండో స్నానాలగదిలోకి చేరతాయి. పైగా ఊళ్లో గంగాళానికీ రుబ్బురోలుకీ కావాలనే ఇంటివాళ్లు తెలిసినవాళ్లే ఉంటారు. నగరంలో వాటికి గిరాకీ వెతకాలి. తెనాలి నుంచి విజయవాడకి మారేవాళ్లకి, అంటే రెండు మూడు ట్రిప్పులు తిరగగలిగేవాళ్లకి, ఈ పద్ధతితో పెద్ద నష్టం లేదు. మూడు వందల కిలోమీటర్లకి మాత్రం పనికిరాదు.

నగరంలో అద్దె గోడౌన్‌లో పెట్టడమనేది నాలుగో దారి. విదేశం నుంచి తిరిగి రావడానికి తేదీ ఉన్నవాళ్లకే అది. తేదీ లేకపోతే అద్దె సామాను విలువని మించుతుంది.

అక్కడే తేల్చుకోవడం

మూడు నెలల ముందు మొదలుపెట్టాలి. వరస ముఖ్యం. ముందు కాగితాలు, తర్వాత పంపకాలు, ఆ తర్వాతే అమ్మకాలు. పాత సామాన్లతన్ని కాగితాల పని అయ్యేవరకూ గడప లోపలికి పిలవకండి.

ప్రతి ట్రంకు పెట్టె, ప్రతి పుస్తకం పేజీలు, దేవుడి పటాల వెనక అట్టలు, బియ్యం డబ్బాల అడుగులు చూడాలి. ఇంటివీ పొలానివీ అసలు దస్తావేజులతో పాటు వాటి లింకు దస్తావేజులు (ఆస్తి అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), పట్టాదారు పాస్ పుస్తకాలు, పాత పన్ను రసీదులు, భాగపంపకాల కాగితాలు, విల్లులు ఒక సంచిలోకి. పాత షేరు సర్టిఫికెట్లు దొరికితే చించేయకండి. 2019 ఏప్రిల్ నుంచి కాగితం షేర్లు అమ్మడానికి ముందు డీమ్యాట్‌లోకి, అంటే ఎలక్ట్రానిక్ ఖాతాలోకి, మార్చాలి. ఏడేళ్లు ఎవరూ తీసుకోని డివిడెండ్లు కేంద్ర ప్రభుత్వ నిధికి వెళ్తాయి, వాటికోసం అర్జీ పెట్టుకోవచ్చు. జిగురు పేజీల ఆల్బమ్‌ల నుంచి ఫొటోలు లాగితే పొర లేచొస్తుంది, పేజీతో సహా స్కాన్ చేయించండి. చిన్న నలుపు తెలుపు ఫొటోలకి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టమనాలి.

పాత పత్రికల బైండ్లు, తాటాకు ప్రతులు ఉంటే కిలోల లెక్కన పోనీయొద్దు. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి పాత పత్రికలు కాపాడుతున్న చోటు. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది. పేరు, సంవత్సరం రాసిన జాబితా ముందు పంపి, కావాలంటేనే తీసుకెళ్లాలి. మామూలు నవలలు, పాఠ్యపుస్తకాలు వాళ్లకి భారం, వాటిని ఊరి శాఖా గ్రంథాలయంలో అడిగి చూడండి.

పంపకాలకి ఒక పద్ధతి బాగా పనిచేస్తుంది. ప్రతి వస్తువుకీ నంబరు చీటీ అంటించి, ఫొటో తీసి, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. మూడు వారాల గడువు. మొదటి ఎంపిక అమ్మా నాన్నలది. ఒకే వస్తువు ఇద్దరడిగితే చీట్లు వేయాలి. నాకు కావాలన్నవాళ్లు గడువులోగా సొంత ఖర్చుతో తీసుకెళ్లాలి, "ప్రస్తుతానికి మీ దగ్గరే ఉంచండి" అంటే ఆ వస్తువు అమ్మకానికే. కోడళ్లు తెచ్చుకున్న సారె సామాను వాళ్లని అడక్కుండా జాబితాలో పెట్టకూడదు. దాచినవన్నీ అమ్మకి అపురూపాలే. "ఏది ఉంచమంటావు" అంటే ఆమె తేల్చలేదు. "పోయిన నెల్లో ఏవి వాడావమ్మా" అని అడిగితే వంటింట్లో పదిహేను వస్తువులు బయటికొస్తాయి. ఫ్లాటు వంటిల్లు వాటితోనే మొదలవ్వాలి.

విదేశాల్లో ఉన్న పిల్లలు పాత పంచలోహ విగ్రహాలో తాటాకు ప్రతులో తీసుకెళ్తామంటే జాగ్రత్త. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన విగ్రహాలు, డెబ్బై అయిదేళ్లు దాటిన విలువైన రాతప్రతులు పురావస్తువుల కిందికి వస్తాయి. వ్యక్తులు వాటిని దేశం దాటించడం నేరం. అంత పాతది కాదని పురావస్తు శాఖ ధ్రువపత్రం ఇస్తేనే సూట్‌కేసులో పెట్టాలి.

ఇక లోహం. ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. ఇత్తడి, రాగి, కంచు, జర్మన్ సిల్వర్, అల్యూమినియం అన్నీ ఒకే కుప్పగా పోస్తే అన్నిటికీ తక్కువ ధరే కడతారు. విడదీయండి. అయస్కాంతం అంటుకుంటే ఇనుము. కంచు రాగీ తగరమూ కలిసిన లోహం, కొడితే గంటలా చాలాసేపు మోగుతుంది, వంగదు, పడితే పగులుతుంది. ఇత్తడి రాగీ తుత్తునాగమూ కలిసినది, మోత పొట్టిగా ఉంటుంది, దెబ్బకి సొట్ట పోతుంది. కంచు ధర ఇత్తడి కన్నా బాగా ఎక్కువ. జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు, కాబట్టి ఆశపడి దాచనక్కర్లేదు. అమ్మేముందు ఇంట్లో కాటా మీద తూచి రాసుకోవాలి. ఇనుప కడియాలు, చెక్క పిడులు మీరే ఊడదీయండి, లేకపోతే ఒక కిలో బదులు మూడు కిలోలు తరుగు తీస్తారు. ఆ రోజు ధర రెండు కొట్లలో అడిగి, కిలోకి ఇంత అని మాటాడుకోవాలి, గుత్తకి ఒప్పుకోవద్దు.

పాత ఇత్తడికి కొత్త స్టీలు ఇస్తామని వీధిలో వచ్చేవాళ్లది అన్నిటికన్నా నష్టపు బేరం. తుక్కుగా అమ్మడం దానికన్నా నయం. అంతకన్నా మంచిది మార్పిడి. పెరవలి మండలం అజ్జరంలాగా ఇత్తడి పనికి పేరున్న చోట మజూరీ ఎంతో ముందే అడిగి, ఇరవై కిలోల గంగాళం బరువుకి పిల్లలందరికీ తలా ఒక దీపపు కుందె, చెంబు చేయించొచ్చు. ఫ్లాటులో వాడడానికి ఉంచుకునేవి రెండు మూడు చాలు. అడుగు గుండ్రంగా ఉన్నవి గ్యాస్ పొయ్యి మీద నిలవవు, ఇత్తడి ఏదైనా ఇండక్షన్ మీద పనిచేయదు, కళాయి లేని గిన్నెలో పులుసు కాస్తే కిలుం పడుతుంది. బయల్దేరే ముందే కళాయి పోయించి తీసుకెళ్లండి.

కుంచం, మానిక, తవ్వ, సోల, గిద్ద మొత్తం సెట్టుగా ఉంటే అమ్మకండి. కుంచంలోనే మిగతావన్నీ ఒదుగుతాయి, అలమర మూలలో జానెడు చోటు చాలు. గంగాళం కన్నా ఆ ఇంటి సంగతి ఎక్కువ చెబుతాయి అవి.

చెక్క విషయంలో ముందు పుచ్చు చూడాలి. గుండుసూది బెజ్జాలు, కింద పిండి రాలుతుంటే ఆ వస్తువు ఫ్లాటుకి తేవద్దు, కొత్త అలమరలకీ పాకుతుంది. మంచి టేకు అయితే బేరం ఘనపుటడుగుల్లో. అడుగుల్లో పొడవు, అంగుళాల్లో వెడల్పు, మందం గుణించి 144తో భాగించాలి. ఆరు అడుగుల పొడవు, పదంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న చెక్క 0.625 ఘనపుటడుగు. భోషాణమో మంచమో ఇలా లెక్కగట్టి, పాత టేకు ధర కలప అడితీలో కనుక్కుంటే కనీస ధర మీ చేతిలో ఉంటుంది. చెక్కడం పనితనం ఉన్న పందిరి మంచాన్ని మాత్రం కలపగా అమ్మకూడదు, మంచంగా కొనేవాళ్లని వెతకాలి.

రోలు, తిరగలి ఇరుగుపొరుగుకో, ఇల్లు కొన్నవాళ్లకో వదలండి. చిరిగిన దేవుడి పటాలని కాలవలో వేయకుండా, అద్దం, మేకులు తీసి, గుడిలో పూజారిని అడిగి అప్పజెప్పాలి. పరుపుల్లో బూరుగు దూది బాగుంటే ఏకించి దిండ్లు కుట్టించవచ్చు, పరుపు పరుపుగా మొయ్యొద్దు.

చివరి వారంలో గ్యాస్ సిలిండర్లు, రెగ్యులేటర్ ఏజెన్సీకి అప్పజెప్పి బదిలీ వోచర్ తీసుకోవాలి, నిండు సిలిండర్ లారీలో ఎక్కించకూడదు. బీరువా ఖాళీ చేసి, తాళంచెవి తీసి, తలుపులు తాడుతో కట్టి నిలువుగానే ఎక్కించమనాలి, పడుకోబెడితే కీళ్లు వంగి తలుపు మళ్లీ సరిగ్గా పడదు. దస్తావేజుల సంచి, బంగారం, దేవుడి విగ్రహాలు, మందులు మీతోపాటు కార్లో. వాటి పక్కనే ఒక పెట్టెలో పాల గిన్నె, కాఫీ ఫిల్టరు, నాలుగు కంచాలు, అగ్గిపెట్టె, రెండు దుప్పట్లు పెట్టండి. లారీ ఆలస్యమైనా ఆ రాత్రి పాలు పొంగించుకోవచ్చు.