గోండి పిల్లల తొలి వాచకం: ఏ లిపి మేలు?

ఆదిలాబాద్ ఏజెన్సీ బడుల టీచర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. ఒకటో తరగతిలో పాఠం గోండిలో చెప్పాలి, సరే. రాత మాత్రం గోండుల సొంత లిపి గుంజాలలోనా, తెలుగులోనా, దేవనాగరిలోనా?

దేవనాగరి సంగతి ముందు తేల్చేద్దాం. 1940లలో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయి బడికి మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ తయారు చేయించిన గోండి వాచకాలు ఆ లిపిలోనివే. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ గోండులకు అది నేటికీ బడి లిపి. ఆదిలాబాద్ పిల్లకు మాత్రం హిందీ పాఠం వచ్చేదాకా దానితో పనిలేదు. 1918లో మంగల్ సింగ్ మసారం రూపొందించిన మసారం లిపి మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ వైపుది, కాబట్టి దాన్నీ పక్కన పెడదాం.

నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి గోండుల సొంతం. ఆ గౌరవం మరే లిపీ ఇవ్వలేదు. 2018లో కంప్యూటర్లు, ఫోన్లు వాడే అక్షరాల పట్టిక యూనికోడ్‌లో చేరింది, గూగుల్ వారి నోటో ఫాంటూ ఉంది. అయితే ఫోన్లో ఫాంటు లేకపోతే అక్షరాల చోట డబ్బాలే కనిపిస్తాయి. పాఠాన్ని మెసేజ్‌గా కాక పీడీఎఫ్‌గానో ఫొటోగానో పంపండి.

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది, పిల్ల ఒకేసారి ఎన్ని లిపులు మోయాలన్నది. తెలుగు, ఇంగ్లీషు ఎలాగూ తప్పవు. గుర్తుకూ శబ్దానికీ ఉన్న ముడి ఒక లిపిలో గట్టిపడక ముందే మరొకటి తెస్తే రెండూ కలగాపులగమవుతాయి. అందుకే మొదటి రెండేళ్లూ గోండిని తెలుగు అక్షరాల్లో రాయడమే మేలంటాను. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన బహుభాషా విద్య వాచకాలూ ఇదే దారి పట్టాయి. పైగా ఎ-ఏ, ఒ-ఓ తేడా తెలుగులో స్పష్టంగా ఉంది. గుంజాలలో ఒక్కో జంటకు ఒకే అక్షరం.

తెలుగు లిపితో రెండు చిక్కులున్నాయి. గోండి మాటలు తరచుగా హల్లుతో ముగుస్తాయి: రోన్ అంటే ఇల్లు, ఏర్ అంటే నీళ్లు. తెలుగు వాచకం వరసలో పోతే పొల్లు (అచ్చు లేని హల్లు) ఎప్పటికో వస్తుంది. ఈలోగా పిల్ల ‘ఏరు’ అని చదువుతుంది, నీళ్లు కాస్తా వాగవుతాయి. కాబట్టి న్, ర్ పొల్లులు మొదటి వారంలోనే చెప్పాలి. రెండోది, చెట్టును చెప్పే గోండి మాటలో నాలుక మడిచి పలికే ర. అది తెలుగు ‘ర’ కాదు, ‘డ’ కాదు. ‘డ’ కింద చుక్క పెట్టండి. ఆ చుక్క 2021లోనే యూనికోడ్‌కు వచ్చింది, చాలా ఫాంట్లలో ఇంకా లేదు. అచ్చయ్యాక పెన్నుతో పెట్టినా చాలు.

ఒక ప్రమాదం ఉంది. తెలుగు అక్షరాలు వచ్చేశాయి కదా అని రెండో ఏడు చివర్లో గోండిని పక్కన పెట్టేస్తారు. అలా జరగకూడదు. మూడో తరగతి నుంచి వారానికి మూడు పీరియడ్లు గుంజాలకు టైంటేబుల్లోనే రాసిపెట్టండి. కొత్త పాఠం అక్కర్లేదు, ఒకటో తరగతిలో తెలుగు అక్షరాల్లో చదివిన కథనే గుంజాలలో తిరిగి రాయించండి. కథ ముందే తెలుసు కాబట్టి పిల్లలకు అక్షరాల మీదే ధ్యాస నిలుస్తుంది.