తెరచాప పడవలోకి దోమ రాకుండా: ఎన్నూరు నుంచి ముట్టుకాడు దాకా

చెన్నై చుట్టుపక్కల చిన్న తెరచాప పడవ నడిపేవాళ్ళు దోమల మాట వస్తే ముందు మందు గురించే అడుగుతారు. ఏ క్రీము మంచిది, ఏ కాయిల్ వెలిగించాలి అని. మందు ఆఖరున రావాలి. లంగరు ఎక్కడ వేశారు, చీకటి పడ్డాక అక్కడ గాలి ఎటు నుంచి తగులుతుంది అన్నదానితోనే సగం పని తేలిపోతుంది. దోమకి గాలికి ఎదురెగిరే సత్తువ లేదు. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక సాయంత్రం దాకా ఏ నీళ్ళలోనైనా హాయిగానే ఉంటుంది. రాత్రికి గాలి తిరిగి నేల మీంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. కూవం నది, బకింగ్‌హామ్ కాలువ మురుగులో పుట్టిన క్యూలెక్స్ దోమలు దాని వెంటే వస్తాయి. కాబట్టి చెట్ల చాటున ప్రశాంతంగా కనిపించే మూల పగలు ఎంత బాగున్నా రాత్రికి చెడ్డ చోటు. ఒడ్డుకి రెండు మూడొందల మీటర్ల దూరంలో, గాలి నేరుగా తగిలే నీళ్ళు వెతుక్కోవాలి.

ఆ లెక్కన చెన్నై రేవు గోడల లోపలి నీళ్ళే మేలు. 1911లో పుట్టిన రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ పడవలు ఉండేది ఇక్కడే. ఎప్పుడూ కదిలే ఉప్పునీళ్ళలో దోమ పెరగదు. దక్షిణాన కూవం సముద్రంలో కలిసే చోటు దగ్గరే కాబట్టి నేలగాలి రాత్రుల్లో కొన్ని వస్తాయి, అంతే. ఉత్తరాన కాశిమేడు చేపల రేవు వైపు మాత్రం పగలు ఈగలు ముసురుతాయి. లోపలికి వెళ్ళడానికి పాసు కావాలి, ఆ పని ముందే చూసుకోవాలి.

ఎన్నూరు క్రీక్‌లో రాత్రి ఉండమని ఎవరికీ చెప్పం. కొసస్థలైయారు నది బురద, మడచెట్లు నుసుములకి పుట్టిల్లు. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల పొడవుండే ఈ పురుగులు మామూలు దోమతెరలోంచి దూరిపోతాయి, కుట్టిన చోట దురద రోజుల తరబడి ఉంటుంది. పులికాట్ దీనికి పూర్తిగా వేరు. సరస్సు వెడల్పు కాబట్టి గాలికి అడ్డు లేదు. కానీ లోతు చాలాచోట్ల మీటరు అటూ ఇటూ, అడుగున కదలని బరువు పలక (కీల్) ఉన్న పడవ పనికిరాదు, ఆ పలకని పైకెత్తే వీలున్నదే (సెంటర్‌బోర్డు) నడుస్తుంది. పక్షుల అభయారణ్యం కూడా, అటవీశాఖ అనుమతి అడక్కుండా దిగకూడదు. ముట్టుకాడులో తమిళనాడు పర్యాటక సంస్థ బోట్‌హౌస్ పగటి సరదాకి మంచిది. ఇసుక మేట వేసి సముద్రంలో కలిసే ముఖద్వారం మూసుకుపోయిన నెలల్లో నీళ్ళు నిలిచిపోయి దోమ పెరుగుతుంది. అక్కడ పగలు పడవ, రాత్రి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద గది అన్నదే సరైన ఏర్పాటు. గది తీసుకునే ముందు స్నానాలగది వెంటిలేటరుకి జాలీ ఉందా, తలుపు కింద సందు ఎంత అని చూడండి. ఏసీ ఉందని చెప్పే చాలా గదుల్లో ఈ రెండూ వదిలేస్తారు.

ఇక తెరలు. బజారులో దొరికే మామూలు జాలీ అంగుళానికి 18×16 కళ్ళది. దోమకి అది చాలు. నుసుములకి అంగుళానికి 30 కళ్ళ దాకా కావాలి, అయితే అంత సన్నదైతే గాలి కూడా బాగా తగ్గిపోతుంది. చెన్నై ఉక్కలో అది చిన్న విషయం కాదు. దీనికి విరుగుడు తెర వైశాల్యం పెంచడం. 50 సెంటీమీటర్ల చదరపు హ్యాచ్‌కి (డెక్కులో మూత ఉన్న కంత) తెరని బల్లపరుపుగా బిగిస్తే గాలికి దారి పావు చదరపు మీటరే. అదే తెరని 30 సెంటీమీటర్ల ఎత్తు పెట్టెలా కుట్టి, పైన నాడా పెట్టి తెరచాప ఎత్తే తాడుకి వేలాడదీస్తే 0.85 చదరపు మీటరు, అంటే మూడు రెట్లకి పైనే. ఇంకో లాభం, మూత సగం తెరిచినా ఈ పెట్టెలోనే ఇముడుతుంది. అర్ధరాత్రి వాన పడితే తెర తీయకుండా లోపలి నుంచే మూత లాగెయ్యొచ్చు. లంగరు మీద ఉన్న పడవ ముక్కు గాలికే తిరుగుతుంది కాబట్టి ముందు హ్యాచ్ తెరకే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

కేబిన్‌లోకి దిగే ద్వారానికి జిప్పు తెర వద్దు. ఉప్పుకి జిప్పు బిగుసుకుపోతుంది, నిప్పు అంటుకున్నప్పుడో నీళ్ళు వచ్చినప్పుడో అది ప్రాణం మీదికి తెస్తుంది. ద్వారం కన్నా అన్ని వైపులా 15 సెంటీమీటర్లు పెద్దదిగా కత్తిరించి, అంచు మడతలో మీటరుకి 300 గ్రాముల చొప్పున గొలుసో సీసపు తాడో దూర్చి కుట్టించండి. బరువుకి అంచు అతుక్కుని కూర్చుంటుంది, బయటికి రావాలంటే చేత్తో ఎత్తితే చాలు. మూలల దగ్గరే తెర పైకి లేస్తుంది కాబట్టి అక్కడ బరువు రెట్టింపు ఉండాలి.

పక్క కిటికీలకి 25 మిల్లీమీటర్ల వెల్క్రో బాగుంటుంది. గరుకు వైపు చట్రానికి, మెత్తది తెర అంచుకి. తిరగేస్తే మడిచినప్పుడు తెర తనకి తనే చిక్కుకుని దారాలు లేస్తాయి. వెల్క్రో ఊడిపోయేది చాలావరకు ఉప్పుపొర మీద అంటించడం వల్లే. ముందు మంచినీళ్ళతో కడిగి, ఆరాక స్పిరిటుతో తుడిచి, చల్లటి పూట అంటించి, మర్నాటి దాకా తెర తగిలించకండి. జాలీ పాలిస్టరుది తీసుకోండి, ఎండకి నైలాను కన్నా ఆగుతుంది. 304 రకం స్టీలు జాలీ సముద్రం దగ్గర మరకలు పట్టి తుప్పెక్కుతుంది, స్టీలే కావాలంటే 316 అని అడగాలి. కుట్టు పనికి మామూలు దర్జీ మిషను సరిపోదు. మౌంట్ రోడ్డు పక్కన జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కారు సీటు కవర్లు కుట్టేవాళ్ళ దగ్గర మందపు దారం, బరువు మిషను ఉంటాయి. కాగితం మీద కొలతలు కాకుండా అట్టముక్క నమూనా కోసి ఇస్తే తేడా రాదు.

గాలి లేని రాత్రికి ఫ్యానే దిక్కు. రిచీ స్ట్రీట్‌లో దొరికే 12 వోల్టుల కంప్యూటరు ఫ్యాను 0.3 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే ఎనిమిది గంటలకి 2.4 ఆంపియర్ అవర్లు. 7 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీలో సగానికి మించి వాడకూడదు కాబట్టి ఒక ఫ్యానుకి అది చాలు, రెండిటికి చాలదు. కాళ్ళ వైపు పెట్టి ఒళ్ళంతా పారేలా తిప్పండి. బ్యాటరీ ప్లస్ తీగకి, బ్యాటరీ పక్కనే, ఫ్యూజు ఉండాలి.

తెరలు వేసే వేళ ముఖ్యం. చెన్నైలో పొద్దు నవంబరులో 5.40కే కుంకుతుంది, జూలైలో 6.40కి. అరగంట ముందే అన్నీ మూసి, తర్వాతే దీపం వేయాలి. లోపల పసుపు కాంతి బల్బు పెడితే తెల్లదాని కన్నా పురుగు తక్కువ చేరుతుంది. లంగరు దీపం మాత్రం తెల్లదే, దాన్ని పురుగుల కోసం ఆర్పకూడదు. పగలు తెరచాప సంచిలో, పడక కింద చీకట్లో దాక్కున్న దోమలు రాత్రి బయటికి వస్తాయి కాబట్టి సంచులు బయటే దులపండి.

పడవే దోమల్ని పెంచుతుంటే తెరలన్నీ దండగ. వెచ్చటి వాతావరణంలో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో ఒడ్డున ట్రాలీ మీదున్న పడవని ముక్కు పైకెత్తి, అడుగు బిరడా తీసి ఉంచాలి. కవరు మధ్యలో కుంగితే అది నీళ్ళ గిన్నె అవుతుంది, కింద వెన్నుకర్రలా తాడు బిగించండి. లంగరు గొలుసు పెట్టె, అడుగు గుంటలు వారానికోసారి స్పాంజితో ఆరబెట్టాలి. జెట్టీకి పడవ గుద్దుకోకుండా కట్టే పాత టైర్లు ఎవరికీ గుర్తురావు. డెంగ్యూ మోసే ఏడిస్ దోమకి వాటిలో నిలిచిన వాననీరు మహా ఇష్టం, టైరు కింది అంచున రెండు మూడు పెద్ద రంధ్రాలు వేస్తే నీరు నిలవదు.

బొద్దింకలు అట్టపెట్టెల మడతల్లో గుడ్ల సంచులుగా వస్తాయి. కోయంబేడు నుంచి తెచ్చిన కూరగాయలు గట్టు మీదే ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చి, పెట్టె అక్కడే వదిలేయండి. చీమలు కట్టుతాళ్ళ మీదుగా ఎక్కుతాయి, తాడుకి గుడ్డ చుట్టి దాని మీద వాసెలిన్ పూస్తే ఆగిపోతాయి. కందిరీగలు మట్టితో పెట్రోలు ట్యాంకు గాలిగొట్టం మూసేస్తాయి, అప్పుడు ఇంజిను కాసేపు ఆడి ఆగిపోతుంది. బయల్దేరే ముందు ఆ గొట్టం చూడటం అలవాటు చేసుకోవాలి.

ఇన్నీ చేశాక మందు. డీట్ అనే రసాయనం ఉన్నది పనిచేస్తుంది గానీ ప్లాస్టిక్‌నీ వార్నిష్‌నీ మెత్తబరుస్తుంది. చేతికి రాసుకుని యాక్రిలిక్ హ్యాచ్ పట్టుకుంటే వేలిముద్రలు శాశ్వతంగా పడతాయి. దాని బదులు 20 శాతం ఇకారిడిన్ అనే రసాయనం ఉన్నదైతే ఆ చిక్కు లేదు. ఎండ క్రీము ముందు, దోమల క్రీము దాని మీద. కేబిన్‌లో కాయిల్ వెలిగించొద్దు, దోమల బ్యాటు కూడా వాడొద్దు. పెట్రోలు ఆవిరి, వంటగ్యాసు గాలి కన్నా బరువు కాబట్టి కారితే పడవ అడుగునే చేరతాయి, ఒక్క నిప్పురవ్వ చాలు. బ్యాటు కావాలంటే పైన డెక్కు మీద వాడుకోండి.