నూట యాభై డాలర్ల అగరబత్తి, మిషిగన్‌లో పాత బండ్ల పందెం

150 డాలర్లు. 2019 సెప్టెంబరులో మిషిగన్‌లో మా అత్తయ్యగారు వెలిగించిన ఒక్క అగరబత్తికి మేం కట్టిన రేటు అది. విజయవాడ నుంచి తెచ్చుకున్న ఆ పొట్లం మొత్తం ఖరీదు పదిహేను రూపాయలు. ఇది రాయడానికి మొదటి కారణం ఆ మోటెల్ మీద కోపం. రెండో కారణం మా మావయ్యగారు. ఆరు నెలల అమెరికా మకాంలో ఆయన గట్టిగా నవ్వింది ఆ ఒక్క శనివారమే.

ఆయన విజయవాడ ఆటోనగర్‌లో 31 ఏళ్ళు మెకానిక్ షెడ్డు నడిపారు. అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీల గురించి సొంత పిల్లల గురించి చెప్పినట్టు చెబుతారు. షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉన్న మా ఇంటికి వచ్చిన మర్నాడే మా ఒడిస్సీ వ్యాన్ బానెట్ ఎత్తమన్నారు. ఇంజను మీద నల్లటి ప్లాస్టిక్ మూత చూసి, "దీనికి ముసుగెందుకు వేశారు బాబూ?" అని అడిగి, జవాబు వినకుండానే దించేశారు. మళ్ళీ ఆ బండి ఊసెత్తలేదు. నయాగరా తీసుకెళ్ళాం. పావుగంట చూసి, "మొన్న వరదకి మన బ్యారేజీ డెబ్బై గేట్లూ ఎత్తేశారట, అదీ ఇలాగే ఉండుంటుంది" అన్నారు. మా ఆవిడ మొహం మాడిపోయింది. నలుగురికీ కలిపి 640 డాలర్లు అయిన ట్రిప్పు మరి.

గ్రాండ్ ర్యాపిడ్స్‌కి ఈశాన్యంగా స్టాంటన్ అని చిన్న ఊరుంది. దాని దగ్గర, పొలాల మధ్య మిడ్ మిషిగన్ మోటార్‌ప్లెక్స్ అనే డ్రాగ్ స్ట్రిప్. 1995లో మొదలైన ప్యూర్ స్టాక్ మజిల్ కార్ డ్రాగ్ రేస్ ఆ ఏడు అక్కడే. మజిల్ కార్ అంటే పెద్ద ఇంజను పెట్టిన పాత అమెరికన్ కారు. డ్రాగ్ రేస్ అంటే మలుపుల్లేని పందెం. రెండు కార్లు పక్కపక్కన నిలబడి పావు మైలు, అంటే 402 మీటర్లు, తిన్నగా దూసుకుపోవాలి. అంతే. ఇక్కడి ప్రత్యేకత ఏమిటంటే, పందేనికి వచ్చే 1960లు, 70ల నాటి కారు ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఎలా ఉందో దాదాపు అలాగే ఉండాలి. ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి అందించే అదే రకం కార్బొరేటర్, అదే పోత ఇనుప మానిఫోల్డ్ (ఇంజనుకి బిగించే గొట్టాల దిమ్మ), తగిలించిన సైలెన్సర్లు, ఆనాటి కొలతల్లో సన్నటి టైర్లు. వెడల్పాటి రేసు టైర్లు వేసుకొస్తే కుదరదు. మావయ్యగారికి చూపించాల్సింది ఇదే అనిపించింది. "నాన్న పేరు చెప్పి నువ్వు చూడ్డానికి వెళ్తున్నావు" అంది మా ఆవిడ. అందులో అబద్ధమేమీ లేదు.

శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరాం. దాదాపు 230 మైళ్ళు, నాలుగు గంటల దారి. షికాగో నుంచి వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి: మిషిగన్‌లో గడియారం గంట ముందుంటుంది. నేను మర్చిపోయాను. మేం చేరేసరికి శుక్రవారం పరుగులు అయిపోయాయి.

ఇక ఆ మోటెల్. పేరు రాయను. స్ట్రిప్‌కి ఇరవై మైళ్ళ దూరంలో, హైవే పక్కన, రెండు పెద్ద మంచాల గది రాత్రికి 84 డాలర్లు. రెండు రాత్రులకి పన్నుతో 178 డాలర్ల 8 సెంట్లు. ఫోటోల్లో తెల్లటి దుప్పట్లు, కిటికీలోంచి చెట్లు. తలుపు తీయగానే పాతికేళ్ళుగా ఎవరో లోపలే కూర్చుని సిగరెట్లు తాగుతున్నట్టు వాసన. తలుపు మీదేమో "పొగ తాగరాదు" బోర్డు. కార్పెట్ మీద కాలు పెడితే సాక్సుకి తడి తగిలింది. బాత్రూంలో వేడినీళ్ళ పంపు తిప్పితే ముందు గోడలో ఏదో మూలిగి, నిమిషం తర్వాత నీళ్ళొచ్చాయి. మావయ్యగారు చెవి పెట్టి విని "గాలి పట్టింది" అని తేల్చారు. కౌంటర్ దగ్గరి అబ్బాయిని వేరే గది అడిగితే, ఫోన్లోంచి తలెత్తకుండానే లేదన్నాడు. పార్కింగులో మాది కాక మూడే కార్లు.

నేను చేసిన తప్పు ఇక్కడే. ఆ క్షణాన వాసన గురించి కాగితం మీద రాయించుకోవాలి, లేదా కనీసం అక్కడే నిలబడి ఈమెయిల్ పెట్టాలి. పెట్టలేదు. కిటికీ తెరిచి పడుకున్నాం.

శనివారం పొద్దున అత్తయ్యగారు స్నానం చేసి, టీవీ పక్కన చిన్న వేంకటేశ్వరస్వామి పటం పెట్టుకుని, "ఈ కంపులో దణ్ణం ఎలా పెట్టనే" అంటూ ఒక అగరబత్తి వెలిగించారు. మేమెవ్వరం వద్దనలేదు. నిజం చెప్పాలంటే గదిలో ఉన్నంతసేపట్లో హాయిగా ఊపిరి పీల్చింది ఆ పది నిమిషాలే.

"ఉచిత వేడి అల్పాహారం" అంటే ఒక బ్రెడ్ పొట్లం, ఒక టోస్టర్. దాని మీద ఇంతకన్నా సిరా ఖర్చు పెట్టను.

స్ట్రిప్ గేటు దగ్గర కథ మారిపోయింది. మనిషి నవ్వుతూ డబ్బు తీసుకుని, చేతి మీద ముద్ర వేసి, ఎక్కడికైనా వెళ్ళండి అన్నాడు. నిజంగానే ఎక్కడికైనా వెళ్ళొచ్చు. కార్లు నిలిపే చోటికి వేరే టికెట్ లేదు, తాళ్ళు లేవు, కసిరే సెక్యూరిటీ లేదు. గడ్డి మీద వరసగా కార్లు, బానెట్లు ఎత్తి, పక్కన మడత కుర్చీల్లో తల నెరిసిన పెద్దమనుషులు. మన ఊళ్ళో పశువుల సంతలో ఎద్దుల పక్కన రైతులు కూర్చున్నట్టే. పోంటియాక్ జీటీఓ, ఓల్డ్స్‌మొబైల్ 442, షెవెల్ ఎస్ఎస్, ప్లిమత్ రోడ్ రన్నర్. ఆ రోడ్ రన్నర్ హారన్ కార్టూన్ పక్షిలా "బీప్ బీప్" అంటుంది. ఆ పక్షి పేరూ బొమ్మా వాడుకున్నందుకు ప్లిమత్ వాళ్ళు వార్నర్ బ్రదర్స్‌కి 50,000 డాలర్లు ఇచ్చారు. ఓనరు అత్తయ్యగారి కోసం మూడుసార్లు కొట్టి చూపించాడు. ప్లిమత్ 2001లో, ఓల్డ్స్‌మొబైల్ 2004లో, పోంటియాక్ 2010లో మూతబడ్డాయని నేను చెప్తుంటే, "మన అంబాసిడర్ వీటన్నిటికన్నా మొండిది, 2014 దాకా లాగింది" అన్నారు మావయ్యగారు, ఏదో పందెం నెగ్గినట్టు.

ఆయన నడక ఒక 1970 బ్యూక్ జీఎస్ దగ్గర ఆగిపోయింది. స్టేజ్ వన్ అనే ప్యాకేజీతో వచ్చినది. ఇంజను 455 ఘనపు అంగుళాలు, అంటే ఏడున్నర లీటర్లు. అంబాసిడర్‌ది 1489 సీసీ. లెక్కేస్తే సరిగ్గా ఐదు అంబాసిడర్లు ఒకే బానెట్ కింద. ఓనరు ఫ్లింట్ ఊరి మనిషి, డెబ్బైకి దగ్గర పడ్డవాడు, అక్కడి కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడట. ఎయిర్ ఫిల్టరు తీసి, రోచెస్టర్ క్వాడ్రాజెట్ కార్బొరేటర్ చూపించాడు. ముందు రెండు చిన్న గొంతులు, వెనక రెండు బావుల్లాంటి గొంతులు. మెల్లగా నడిపితే చిన్నవే తాగుతాయి, తొక్కి పట్టుకుంటే పెద్దవీ తెరుచుకుంటాయి. మావయ్యగారు వంగి చూసి, "అన్నం తినేది ఒక నోరు, పెళ్ళి భోజనానికి ఇంకో నోరు" అన్నారు. దీన్ని ఇంగ్లీషులో చెప్పడానికి నాకు చేతకాలేదు.

ఆయన అనువాదం కోసం ఆగలేదు కూడా. ఇంజను ఊరికే తిరుగుతుంటే మధ్యమధ్య చిన్నగా తడబడుతోంది. చూపుడు వేలెత్తి అందర్నీ ఊరుకోమన్నారు. రబ్బరు గొట్టం ముక్క కావాలని సైగ చేశారు. పెద్దాయన టూల్ బాక్సులోంచి రెండడుగుల ముక్క తీసిచ్చాడు. ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస కార్బొరేటర్ చుట్టూ, మానిఫోల్డ్ అంచుల వెంట మెల్లగా తిప్పారు. వెనకవైపు ఒకచోట ఆగి, "గాలి లాగుతోంది" అన్నారు. గొట్టం కొస పెద్దాయన చెవికి అందించారు. ఆయన విని కళ్ళు పెద్దవి చేశాడు. అక్కడి వాక్యూమ్ గొట్టం కొస పగిలింది. అరంగుళం కోసి మళ్ళీ తొడిగితే ఇంజను చప్పుడు నూనె పోసినట్టు సాఫీ అయిపోయింది. చుట్టూ చేరిన నలుగురైదుగురు చప్పట్లు కొడితే మావయ్యగారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ మా ఆవిడ వైపు చూశారు. ఆ చూపు కోసం నేను ఇంకో మోటెల్‌కి కూడా డబ్బు కట్టేవాణ్ణి. సరే, కట్టేవాణ్ణి కాదు.

ఆ తర్వాత మా కుర్చీలు బ్యూక్ పక్కకే మారాయి. కార్డులో ఈ కారుకి 360 హార్స్‌పవర్ అని ఉంది, నిజంగా అంతేనా అని అడిగితే పెద్దాయన పకపకా నవ్వాడు. ఆ రోజుల్లో ఎన్‌హెచ్‌ఆర్ఏ అనే డ్రాగ్ రేసుల సంఘం వాళ్ళు స్టాక్ క్లాసుల్ని కారు బరువుని హార్స్‌పవర్‌తో భాగించి పెట్టేవాళ్ళు. కాగితం మీద పవర్ తక్కువ చూపిస్తే నెమ్మది కార్ల క్లాసులో పడుతుంది, గెలుస్తుంది. ఆదివారం గెలిస్తే సోమవారం షోరూంలో అమ్ముడవుతుంది. పైగా ఇన్సూరెన్స్ వాళ్ళు కుర్ర డ్రైవర్లని బాదేవాళ్ళు, వాళ్ళకీ చిన్న అంకె చూపిస్తే మంచిది. ఇది తెలుగులో చెప్పగానే మావయ్యగారు గట్టిగా నవ్వారు. "మన దగ్గర అమ్మేటప్పుడు కిలోమీటర్లు తగ్గిస్తారు. వీళ్ళు గుర్రాలు తగ్గించారు!"

పెద్దాయన పందొమ్మిదేళ్ళ వయసులో సంగతులు చెప్పాడు. డ్యూటీకి వెళ్ళే బండే ఆదివారం రేసు బండి. స్టెప్నీ, జాకీ తీసి స్నేహితుడి దగ్గర పెట్టి, కిటికీ అద్దం మీద తెల్ల బూట్ పాలిష్‌తో నంబరు రాసుకుని పరిగెత్తించడం, సాయంత్రం మళ్ళీ అన్నీ సర్దుకుని ఇంటికి. గేరు పళ్ళు విరిగితే సోమవారం నడకే. ఇది విని మావయ్యగారికీ ఊపొచ్చింది. ట్యూనింగు అయిన అంబాసిడర్లని ట్రయల్ పేరుతో తెల్లారగట్ల గన్నవరం రోడ్డు మీద పక్క షెడ్డు వాళ్ళతో పందెం తోలేవాళ్ళట. పందెం డజను ఇడ్లీలు. బండి మాత్రం పార్టీది. అప్పటిదాకా వ్యాన్‌లో విష్ణుసహస్రనామం వింటూ ఉండి, అప్పుడే పులిహోర డబ్బాతో వచ్చిన అత్తయ్యగారు చివరి వాక్యం విన్నారు. "నాలుగింటికే లేచి పార్టీ తొందర చేస్తున్నాడని పరిగెత్తింది దీనికా?" పులిహోర డబ్బా ముందు నాకు ఇచ్చారు.

పందెం పద్ధతి నాకు బాగా నచ్చింది. అంతకుముందు పరుగుల్లో ఎవరికెంత టైము వచ్చిందో చూసి, దగ్గర దగ్గరగా ఉన్న రెండేసి కార్లని జోడీ కడతారు. మూడు పరుగుల్లో రెండు గెలవాలి. దాంతో పన్నెండు సెకన్ల కారు జోడీ ఎంత ఉత్కంఠో, పద్నాలుగు సెకన్లది కూడా అంతే. కూర్చుంటే గెలుపు గీత దగ్గర కాదు, మొదలు దగ్గర కూర్చోండి. అసలు విద్యంతా అక్కడే. ఆ సన్నటి టైర్ల మీద అంత ఇంజను ఒక్కసారిగా తొక్కితే టైరు తిరుగుతుంది, కారు కదలదు. చేతిలో గుడ్డు పట్టుకున్నట్టు వదలాలి. స్తంభం మీద పసుపు దీపాలు మూడు, అరసెకనుకి ఒకటి చొప్పున వెలుగుతూ దిగుతాయి, తర్వాత పచ్చ. పచ్చకి ముందే కదిలితే ఎరుపు, ఓటమి.

మా బ్యూక్ ఎదుట ఒక నారింజ రంగు షెవెల్. మొదటి పరుగులో బ్యూక్ ముందు వెళ్ళింది, మేం ఎగిరి గంతేశాం, తీరా చూస్తే ఎర్ర దీపం. "ఇంజను టైమింగ్ బాగుంది. మనిషి టైమింగే చూడాలి" అన్నారు మావయ్యగారు. రెండోది బ్యూక్ గెలిచింది. మూడోదానిలో టైర్లు గీతలోనే కీచుమని తిరిగాయి, షెవెల్ అరకారు ముందు. పెద్దాయన దిగొచ్చి ఆ టైము చీటీ మావయ్యగారికి ఇచ్చాడు. ఈయన ఓడిన చీటీ వద్దు, రెండోది ఇమ్మన్నారు.

నీడ దాదాపు లేదు, గొడుగు, కుర్చీలు తీసుకెళ్ళండి. శాకాహారులకి ఫ్రెంచ్ ఫ్రైస్ తప్ప దొరికింది లేదు. టాయిలెట్లు ప్లాస్టిక్ డబ్బాలే, పొద్దున్నే వెళ్ళడం మంచిది.

సాయంత్రం మోటెల్‌కి వస్తే కౌంటర్ అబ్బాయి ఈసారి తలెత్తాడు. గదిలో బూడిద దొరికిందట, పొగ తాగినందుకు 150. అగరబత్తి అన్నాను. పొగ పొగే అన్నాడు. గది నిండా ఉన్న సిగరెట్ వాసన ఎవరిదంటే, "మీరు నిన్న ఫిర్యాదు చేసినట్టు మా దగ్గర లేదు" అన్నాడు. మా ఆవిడ అగ్గి మీద గుగ్గిలమైంది. ఆవిడ ఇంగ్లీషు నాకన్నా బాగా, వేగంగా వస్తుంది, అయినా కార్డు మీద అప్పటికే గీకేశారు. అత్తయ్యగారు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "నా వల్లే" అని పదిసార్లు. నాకు 150 కన్నా అది ఎక్కువ కష్టంగా ఉంది. బ్యాంకులో వివాదం వేశాను. ఏడు వారాల ఉత్తరాల తర్వాత 75 వెనక్కి వచ్చింది. బ్యాంకావిడ అడిగిన మొదటి ప్రశ్న: దిగిన రోజు రాసిందేమైనా ఉందా?

ఆదివారం గ్రాండ్ ర్యాపిడ్స్‌లో ఫ్రెడరిక్ మేయర్ గార్డెన్స్, అక్కడి పెద్ద కంచు గుర్రం చూసి ఇంటికొచ్చేశాం, అంతా బాగానే గడిచింది. పెట్రోలు మొత్తం 61 డాలర్లు.

నవంబరులో వాళ్ళు విజయవాడ వెళ్ళిపోయారు. మొదటి ఫోన్‌లో ప్రయాణం ఎలా జరిగిందంటే మావయ్యగారు ఒక్క మాటలో తేల్చేసి, "బాబూ, ఆ బ్యూక్ ఆయనకి ఆ గొట్టం కోసి తొడిగితే సరిపోదని చెప్పావా? మొత్తం మార్చమను. చలికి మళ్ళీ పగులుద్ది" అన్నారు. ఆయన నంబరు తీసుకోవడం నేను మర్చిపోయాను. ఆ సంగతి మావయ్యగారికి ఇప్పటికీ చెప్పలేదు.