టొరంటోలో రెండు బజార్లు

టొరంటో వెళ్లే మనవాళ్లు సీఎన్ టవర్, నయాగరా చూసి తిరిగొచ్చేస్తారు. ఒక పూట మిగిలితే బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే బజారు వీధికి వెళ్లమంటాను. సబ్‌వే, అంటే భూగర్భ రైల్లో వెళ్లి రన్నీమీడ్ స్టేషన్‌లో దిగితే పక్కనే బజారు. ప్రెస్టో అనే ప్రయాణ కార్డు ఉంటే 3.30 డాలర్లు, రెండు గంటల్లోపు ఎన్నిసార్లు ఎక్కి దిగినా మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు.

ఇప్పుడు జనాన్ని తెచ్చే ఈ సబ్‌వేనే ఒకప్పుడు ఈ వీధి పొట్ట కొట్టింది. 1968లో రైలు ఇక్కడిదాకా వచ్చాక, అంతకుముందు రోడ్డు మీద స్ట్రీట్‌కార్‌లో, అంటే ట్రాములో, కొట్లు చూసుకుంటూ పోయేవాళ్లు భూమి కిందుగా వెళ్లిపోయారు. మరోవైపు పెద్ద మాల్స్ వచ్చాయి. వ్యాపారులు చందాలేసుకుని వీధిని బాగుచేద్దామనుకున్నారు. చందా సంగతి మనకు తెలిసిందే, ఇచ్చేవాళ్లు ఇస్తారు, ఇవ్వనివాళ్లు ఊరికే లాభపడతారు. అందుకని చట్టమే తెప్పించుకున్నారు. హద్దు గీసిన ప్రాంతంలోని ప్రతి వ్యాపార స్థలం మీదా ఆస్తి పన్నుతో పాటు కొంత అదనంగా నగరపాలక సంస్థ వసూలు చేస్తుంది. ఆ సొమ్ము వ్యాపారుల బోర్డు చేతికే తిరిగొస్తుంది. 1970లో మొదలైన ఈ వ్యాపారుల సంఘం ప్రపంచంలోనే ఇలాంటి వాటిలో మొదటిది. ఇప్పుడు ఒక్క టొరంటోలోనే ఎనభైకి పైగా ఉన్నాయి.

ఆ డబ్బు కళ్లకు కనిపిస్తుంది. స్తంభాలకు పూలబుట్టలు, చెట్ల కింద బెంచీలు, వాటిమీద తీరిగ్గా కూర్చున్న పెద్దవాళ్లు. పొద్దున్నే ఒకతను పొడవాటి గొట్టంతో ఒక్కో బుట్టకూ నీళ్లు పోస్తుంటే కాసేపు నిలబడి చూశాను. 1927 నాటి రన్నీమీడ్ థియేటర్ ఇప్పుడు మందుల షాపు. లోపలికి వెళ్లి తలెత్తి చూడండి, పాత హాలు అందం ఇంకా ఉంది. ఉక్రెయిన్ బేకరీల్లో రొట్టె రుచి చూడకుండా రావద్దు.

నాకు నచ్చనిదీ ఒకటుంది. ఆ అదనపు పన్ను చాలాసార్లు అద్దెతో కలిపి చిన్న దుకాణదారుడి నెత్తినే పడుతుంది. వీధి బాగుపడేకొద్దీ అద్దె పెరిగితే ఆ బాగు ఎవరికి?

బస విషయానికొస్తే, ఇక్కడ హోటళ్లు తక్కువ. హై పార్క్ దగ్గర ఒక ఇంట్లో గది తీసుకున్నాం. గది శుభ్రమే గానీ, ఇరుకు మెట్ల మీదుగా సూట్‌కేసులు మోయాలని ముందు చెప్పలేదు. అమ్మానాన్నలతో వెళ్తే లిఫ్ట్ ఉందో లేదో అడిగి బుక్ చేసుకోండి.

రెండో బజారు జెరార్డ్ ఇండియా బజార్. 1972లో నాజ్ థియేటర్‌లో హిందీ సినిమాలు మొదలయ్యాక చుట్టూ చీరల కొట్లు, మిఠాయి దుకాణాలు వెలిశాయి. ఇక్కడా అలాంటి సంఘమే ఉంది, వేసవిలో వీధి పండుగ చేస్తుంది. కానీ మనవాళ్లు చాలామంది టొరంటో పక్క ఊళ్లయిన బ్రాంప్టన్, మిస్సిసాగా వైపు ఇళ్లు కొనుక్కుని వెళ్లిపోయారు, అక్కడే షాపులూ వచ్చాయి. మామూలు రోజు మధ్యాహ్నం వెళ్తే వీధి బోసిగా ఉంది. సాయంత్రం వెళ్లండి. 506 స్ట్రీట్‌కార్ ఆ వీధి మీదుగానే పోతుంది. వేడి చాట్ తిని, పాన్ వేసుకుని, ఒకటి రెండు కొట్లలో ఏదైనా కొనండి. ఆ వీధికి ఇప్పుడు కావాల్సింది కొనేవాళ్లే.