గేర్‌బాక్స్‌లో ఏ ఆయిల్ మేలు: జీఎల్-4 లేక జీఎల్-5?

పోయిన సంక్రాంతికి ఊరికి బయల్దేరే ముందు మా బండి గేర్‌బాక్స్ ఆయిల్ మార్పించాను. 9 ఏళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 80 వేల కిలోమీటర్లు దాటింది, అప్పటిదాకా ఆ మూత విప్పిన పాపాన పోలేదు. షెడ్డులో అన్న ఒక డబ్బా చూపించి "నైంటీ ఆయిల్ సార్, జీఎల్ ఫైవు, దీన్ని మించింది లేదు" అన్నాడు. నాలుగు కన్నా ఐదు పెద్దదే కదా అని నేనూ తలూపాను. మర్నాడు పొద్దున ఒకటో గేరు నుంచి రెండుకి వేస్తే గర్ర్‌మని అరిచింది. పది కిలోమీటర్లు తిరిగి వేడెక్కాక కాస్త నయం, మళ్లీ తెల్లారితే అదే గోల. వారం ఓపిక పట్టి, అది దింపించి జీఎల్-4 పోయించాక గానీ ఆ అరుపు పోలేదు. ఆయిల్ డబ్బులు రెండుసార్లు, లేబరు రెండుసార్లు.

అప్పుడు కూర్చుని డబ్బాల మీద రాతలు చదవడం మొదలుపెట్టాను. ముందు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, అక్కడ ఉండే రెండు అంకెలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదు. 75డబ్ల్యూ-90, 80డబ్ల్యూ-90 అనేవి చిక్కదనం చెబుతాయి. జీఎల్-4, జీఎల్-5 (జీఎల్ అంటే గేర్ లూబ్రికెంట్) అనేవి ఆ ఆయిల్‌లో కలిపిన మందుల ఘాటు ఎంతో, దాన్ని ఏ రకం గేర్ల కోసం చేశారో చెబుతాయి. షాపుకెళ్లి "నైంటీ ఆయిల్ ఇవ్వండి" అంటే మీరు సగమే అడిగినట్టు. మిగతా సగం షాపువాడి అల్మారాలో ఏది ముందుంటే అది.

ఇప్పుడు అసలు సంగతి. మాన్యువల్ గేర్‌బాక్స్‌లో ముందుకు వెళ్లే గేర్లన్నీ ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. మనం రాడ్డు లాగినప్పుడు జరిగేది, వాటిలో ఒకదాన్ని షాఫ్టుకు తగిలించడం మాత్రమే. తగిలించే ముందు రెండింటి వేగం సమానం కావాలి. ఆ పని చేసేది సింక్రో రింగు, చాలా బళ్లలో ఇత్తడిది. అది గేరు పక్కనున్న శంఖువు లాంటి భాగానికి ఒత్తుకుని, రాపిడితో వేగాన్ని కలుపుతుంది. ఆయిల్ ఉన్నది జారడానికే అనుకుంటాం కదా, ఇక్కడ మాత్రం దానికి రెండు ఉద్యోగాలు. పళ్ల మధ్య జారాలి, రింగు దగ్గర పట్టు ఇవ్వాలి. రింగు ఒత్తగానే పక్కకు తప్పుకోని ఆయిల్ ఎంత ఖరీదైనదైనా ఆ గేర్‌బాక్స్‌కి పనికిరాదు.

జీఎల్-5 పుట్టింది ఈ పని కోసం కాదు. వెనక చక్రాలతో నడిచే బళ్లలో ఇరుసు మధ్య గుండ్రంగా ఉబ్బి ఉంటుంది చూడండి, మనవాళ్లు క్రౌన్ అంటారు, దాని కోసం. అందులో పినియన్ గేరు క్రౌన్ గేరు మధ్యకు కాకుండా కిందికి జరిగి ఉంటుంది. దీన్ని హైపాయిడ్ అంటారు. 1920ల్లో అమెరికాలో ప్యాకార్డ్ కార్లతో ఇది వాడుకలోకి వచ్చింది. దాంతో ముందున్న గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు తిప్పుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్టు కిందికి దిగింది, కారు ఎత్తు తగ్గింది. కానీ పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో పాటు బాగా రాసుకుంటాయి కూడా. ఆ ఒత్తిడికి మామూలు నూనె పొర చిరిగిపోతుంది. అందుకే గంధకం, ఫాస్ఫరస్ ఉన్న మందులు కలుపుతారు. వేడికి, ఒత్తిడికి అవి ఉక్కు పైభాగంతో కలిసి పల్చని పొర కడతాయి, అరిగేది ఆ పొరే, ఉక్కు కాదు. గేర్ ఆయిల్‌కి ఆ కుళ్లిన కోడిగుడ్డు కంపు కూడా ఈ గంధకం పుణ్యమే.

జీఎల్-4లోనూ ఇవే మందులుంటాయి, సుమారు సగం పాళ్లలో. ఘాటు పెరిగితే ఏమవుతుందంటే, వేడి మీద గంధకం ఇత్తడి జోలికి పోతుంది. "జీఎల్-5 ఇత్తడిని తినేస్తుంది" అని షెడ్లలో చెప్పే మాట అక్కడి నుంచే వచ్చింది. అది పూర్తిగా అబద్ధం కాదు గానీ కొంచెం పాతబడింది. ఇప్పటి మంచి జీఎల్-5 ఆయిళ్లలో గంధకాన్ని చాలావరకు అదుపులో పెట్టారు, రాగి రేకును వేడి ఆయిల్‌లో ముంచి చేసే పరీక్షలో అవి నెగ్గుతాయి. అయితే ఆ పరీక్ష తుప్పును చూస్తుంది, పట్టును చూడదు. నా లెక్కలో ఈ రోజుల్లో జీఎల్-5తో వచ్చే అసలు ఇబ్బంది రింగు కరిగిపోవడం కాదు, రింగు జారిపోవడం. పొద్దున్నే గర్ర్‌మనేది అదే. నా బండి విషయంలో ఇంకో తప్పు కూడా కలిసింది. బండితో వచ్చిన పుస్తకంలో 75డబ్ల్యూ-90 అని ఉంటే నేను పోయించింది 80డబ్ల్యూ-90. ఘాటూ ఎక్కువే, చలికి చిక్కదనమూ ఎక్కువే.

అలాగని జీఎల్-5 చెడ్డది అనకండి. బొలెరో, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా లాంటి బళ్లకు గేర్‌బాక్స్ వేరు, క్రౌన్ వేరు. ఆ క్రౌన్‌లో జీఎల్-4 పోస్తే నేను చేసిన దానికన్నా పెద్ద తప్పవుతుంది. పళ్లు గీతలు పడి, తర్వాత ఊళపెట్టడం మొదలవుతుంది. అక్కడ జీఎల్-5 తప్పనిసరి. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో డిఫరెన్షియల్ (ఆ క్రౌన్ చేసే పనే చేసే భాగం) కూడా గేర్‌బాక్స్ పెట్టెలోనే ఉంటుంది, కానీ అది హైపాయిడ్ కాదు, మామూలు ఏటవాలు పళ్ల గేరు. కాబట్టి రెండింటికీ కలిపి ఒకే జీఎల్-4 చాలు. టయోటా పాత ఇన్నోవా, హైలక్స్ లాంటి కొన్ని గేర్‌బాక్సులకు కంపెనీయే "జీఎల్-4 లేదా జీఎల్-5" అని రాసింది. అలా రాసి ఉంటే ఏదైనా పోసుకోవచ్చు. డబ్బా మీద రెండూ కలిపి "జీఎల్-4/జీఎల్-5" అని ఉంటే మాత్రం నాకు అనుమానమే. అందులో మందుల పాళ్లు సాధారణంగా జీఎల్-5వే, ఇత్తడికి హాని లేకుండా చూశామని చెప్పడం మాత్రమే. సిసలు జీఎల్-4 దొరుకుతుంటే దాని జోలికి ఎందుకు పోవాలి?

చిక్కదనం మాటకొస్తే, గేర్ ఆయిల్ 90 అంటే ఇంజిన్ ఆయిల్ 40 కన్నా రెండింతలు చిక్కగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. రెండింటి కొలమానాలే వేరు. 100 డిగ్రీల వేడిలో గేర్ ఆయిల్ 90 సుమారుగా ఇంజిన్ ఆయిల్ 40, 50ల చిక్కదనంలోనే ఉంటుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 80డబ్ల్యూని పరీక్షించేది మైనస్ 26 డిగ్రీల దగ్గర, 75డబ్ల్యూని మైనస్ 40 దగ్గర. లంబసింగిలో కూడా అంత చలి లేదు. అమెరికాలో గడ్డకట్టే చలి ఉండే మినియాపొలిస్‌లో మాన్యువల్ బండి నడిపే తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు అది ప్రాణావసరం. మనకు 75డబ్ల్యూ వల్ల లాభం జనవరి పొద్దున మొదటి పది నిమిషాలే. కానీ రోజూ ఆ పది నిమిషాల్లోనే ఆఫీసుకు చేరిపోయేవాళ్లకు అది చిన్న లాభం కాదు. పైగా 75డబ్ల్యూ-90 దాదాపు ఎప్పుడూ సింథటిక్ లేదా సెమీ సింథటిక్. పట్టేది 2 లీటర్ల చిల్లర, మార్చేది ఏళ్లకోసారి. ఇంజిన్ ఆయిల్ దగ్గర లెక్క చూసుకోండి గానీ ఇక్కడ పిసినారితనం వద్దు.

"రామగుండం ఎండల్లో తిరిగే బండి, ఇంకా చిక్కది పోయండి" అనేవాళ్లున్నారు. పుస్తకం 75డబ్ల్యూ-80, 75డబ్ల్యూ-90 రెండూ ఒప్పుకుంటే, పాత బండి కాస్త కూత పెడుతుంటే 90కి వెళ్లండి, తేడా తెలుస్తుంది. అంతకు మించి వద్దు. 140 నంబరు కారు గేర్‌బాక్స్‌కి కాదు. కొత్త బళ్లు అసలు దీనికి ఎదురు దిక్కులో పోతున్నాయి, హ్యుందాయ్ ఇప్పుడు 70డబ్ల్యూ అడుగుతోంది. మైలేజీ కోసం పల్చన చేస్తున్నారు, ఆ గేర్‌బాక్సులు దానికి తగ్గట్టే తయారవుతాయి.

ఇంజిన్ ఆయిల్ పోయొచ్చా? మన బైకుల్లో చాలావరకు ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ ఒకటే ఆయిల్, ఏ గొడవా లేదు. హోండా కార్లకు సొంత ఎంటీఎఫ్ (మాన్యువల్ గేర్‌బాక్స్ ఆయిల్) ఉంది. అది దొరక్కపోతే తాత్కాలికంగా 10డబ్ల్యూ-30 ఇంజిన్ ఆయిల్ పోయమని చాలా మోడళ్ల పుస్తకాల్లో వాళ్లే రాశారు. హోండా మాట హోండాకే, మిగతావాటికి అన్వయించకండి. ఎర్రగా ఉండే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) కూడా అంతే, పుస్తకం అడిగితేనే. ఏఎంటీ బండి (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనే వేసుకునేది) ఉన్నవాళ్లకు ఒక మాట. లోపల ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే, కాబట్టి ఇదంతా మీకూ వర్తిస్తుంది. డీసీటీ, సీవీటీ అనే వేరే రకం ఆటోమేటిక్ బళ్ల వాళ్లకు వర్తించదు.

మార్చేటప్పుడు ముందు నింపే నట్టు విప్పించండి, ఆ తర్వాతే కింద దింపే నట్టు. పై నట్టు తుప్పుపట్టి రాకపోతే, ఆయిల్ మొత్తం దించేసిన బండి షెడ్డులోనే ఇరుక్కుపోతుంది. దింపే నట్టు అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుంటే భయం లేదు. ముక్కలు కనబడితే భయపడాలి. దిగిన ఆయిల్‌లో బంగారం పొడిలా మెరుస్తుంటే అది సింక్రో రింగు అరుగుదల. ఇంకోటి, అన్ని గేర్లూ గట్టిగా పడుతుంటే ఆయిల్ మార్చి లాభం లేదు, క్లచ్ చూపించుకోండి. ఒక్క రెండో గేరో మూడో గేరో అరిస్తేనే ఆయిల్ మీద, రింగు మీద అనుమానపడాలి.

నేను రెండోసారి కూడా ఆ అన్న దగ్గరికే వెళ్లాను. ఈసారి డబ్బా నేనే తీసుకెళ్లాను, ఆయనేమీ అనుకోలేదు. మొదటిసారి మిగిలిన ముప్పావు లీటరు జీఎల్-5ని పక్కింటివాళ్ల బొలెరో క్రౌన్‌లో లెవెల్ తగ్గితే పోశారు.