క్రోక్ పార్క్ దగ్గర గది తీసుకునే ముందు ఇది చదవండి

మేముండేది గాల్వేలో. 2025 ఆగస్టు 10న గాల్వే అమ్మాయిలు డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో కార్క్ జట్టుతో ఆల్ ఐర్లండ్ కమోగీ (అమ్మాయిలు కర్రతో బంతిని కొట్టే ఐరిష్ ఆట) ఫైనల్ ఆడుతున్నారనగానే, డబ్లిన్ వెళ్లాల్సిందేనని పదకొండేళ్ల మా పాప పట్టుబట్టింది. బళ్లో తనూ ఆ ఆటే ఆడుతుంది. రెండున్నర గంటల రైలు ప్రయాణం ఒకే రోజులో రానూపోనూ అంటే మా అత్తగారికి కష్టమని శనివారమే బయల్దేరాం. రైలు గురించి చెప్పుకోవడానికేమీ లేదు, బాగుంది.

ఒళ్లు మండింది గది దగ్గరే. స్టేడియానికి నడిచి వెళ్లేంత దూరం, నలుగురికి ఫ్యామిలీ రూమ్, రాత్రికి 189 యూరోలు. వెళ్లి చూస్తే రెండే మంచాలు. మడత మంచానికి ఇంకో 25 అన్నాడు రిసెప్షన్‌లో ఉన్నతను. బుకింగ్‌లో నలుగురమని రాశాం కదా అని మా ఆయన ఫోన్ చూపిస్తే, 'అది వెబ్‌సైట్ వాళ్లనడగండి' అని తల తిప్పుకున్నాడు. పొద్దున మూడో మనిషి స్నానానికే వేడినీళ్లు అయిపోయాయి. అత్తగారు చన్నీళ్లే పోసుకున్నారు, ఒక్క మాటా అనలేదు. నాకు అదే ఎక్కువ బాధేసింది. పెద్ద బ్యాగులు స్టేడియంలోకి రానివ్వరు, గది తీసుకున్న చోటే వదలాలి. బ్యాగుకు 5 యూరోలు! రసీదు అడిగితే ఇవ్వలేదు. మొత్తం 224 యూరోలు వదిలాయి. మా ఆయన మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

కారులో వచ్చేవాళ్లు డబ్లిన్‌కు పడమరనున్న మేనూత్ ఊళ్లో గది తీసుకోండి. అక్కడి రైలు డ్రమ్‌కాండ్రా స్టేషన్‌లో ఆగుతుంది, దిగి స్టేడియానికి నడిచి వెళ్లిపోవచ్చు.

స్టేడియంలో అడుగుపెట్టాక మాత్రం అందరి మొహాలూ మారిపోయాయి. ఒకే టికెట్‌పై జూనియర్, ఇంటర్మీడియట్, సీనియర్ మూడు ఫైనళ్లూ చూడొచ్చు. రెండు జట్ల అభిమానులూ కలిసే కూర్చుంటారు. మా పక్కన కార్క్ జెర్సీలో ఒక పెద్దావిడ బిస్కెట్లు పంచుతూ పాపకు ఆట విడమరిచి చెప్పింది. జట్టుకు 15 మంది. బంతి వలలో పడితే గోల్, అంటే 3 పాయింట్లు. అడ్డకర్ర పైనుంచి వెళితే 1. 1956లో మొదలైన గేల్ లిన్ కప్‌కు కూడా తిరిగేదట ఆవిడ. అందులో కౌంటీల (మన జిల్లాల్లాంటివి) అమ్మాయిలు కలిసి, కొన్ని కౌంటీలుండే ప్రావిన్సు తరఫున ఆడేవారు: గాల్వే వాళ్లు కనాక్ట్‌కు, కార్క్ వాళ్లు మన్‌స్టర్‌కు.

నిక్కర్ల సంగతి చెప్పేటప్పుడు ఆవిడ గొంతు వణికింది. ఆ మే నెలలోనే లెన్‌స్టర్ ప్రావిన్సు సెమీఫైనల్‌కు కిల్కెన్నీ, డబ్లిన్ అమ్మాయిలు నిక్కర్లతో మైదానంలోకి వస్తే, పైకి స్కర్టులా, లోపల నిక్కరులా ఉండే స్కార్ట్ వేసుకోకపోతే మ్యాచ్ రద్దన్నారట. అదే నెలలో ఓటింగ్ పెట్టి, ఇష్టమైంది వేసుకోవచ్చని నియమం మార్చారు. పాప కళ్లార్పకుండా విన్నది.

కార్క్‌కు ఇది వరుసగా మూడో కప్పు కావాల్సింది. చివరి క్షణాల్లో గాల్వే అమ్మాయి క్యారీ డోలన్ ఫ్రీ (ఫౌల్‌కు దొరికే దెబ్బ) కొట్టి పాయింటు తెచ్చింది. గాల్వే 1-14, కార్క్ 1-13 (ముందుది గోల్స్, తర్వాతది పాయింట్లు). ఒక్క పాయింట్! ఓడిన ఆ పెద్దావిడే ముందుగా లేచి మా పాపను హత్తుకుంది.

చిన్నప్పుడు తెనాలిలో బిళ్లంగోడు ఆడిన మా అత్తగారు, బిళ్లను గాల్లోకి లేపి కొట్టడం ఎలాగో తిరుగు రైల్లో గాల్వే వచ్చేదాకా మనవరాలికి చేతులతో చూపిస్తూనే ఉన్నారు.